తెలుగు పరిశోధన వ్యాసానికి ఉపయుక్త గ్రంథసూచి తయారుచేయడం ఎలా?

"అధ్యాయాలన్నీ అయిపోయాయి, ఇక గ్రంథసూచి ఒక్కటే మిగిలింది" అని నిశ్చింతగా చెప్పే పరిశోధక విద్యార్థిని చూస్తే జాలి కలుగుతుంది. ఆ ఒక్కటీ నెల రోజులు తింటుంది. ఎప్పుడో తిరిగి ఇచ్చేసిన పుస్తకం కోసం మళ్లీ గ్రంథాలయానికి పరుగెత్తాలి, ఎవరో ఫోనులో పంపిన పుట ఏ ముద్రణలోదో వెతకాలి, పేర్లు ఏ వరుసలో పేర్చాలో తెలియక డీటీపీ సెంటరులో తల పట్టుకు కూర్చోవాలి.

ఇది తెలుగులో రాసే ఎం.ఏ. ప్రాజెక్టు, పీహెచ్.డి. వ్యాసాలను దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శి. ఆంగ్ల వ్యాసాలకు పద్ధతుల పుస్తకాలు చాలా ఉన్నాయి. తెలుగు పేర్లు, తెలుగు ముద్రణలు, తెలుగు అక్షరక్రమం దగ్గరికి వచ్చేసరికి అవి సగం దారిలో వదిలేస్తాయి. ఆ మిగతా సగం మీదే ఇక్కడ ఎక్కువ శ్రద్ధ పెట్టాను.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన నియమావళి ఉంటే అదే వేదం. దానిలో ఉన్నది ఎంత వింతగా అనిపించినా పాటించండి. లేకపోతే మీ శాఖలో ఈ మధ్య ఆమోదం పొందిన రెండు మూడు సిద్ధాంత గ్రంథాలు తెరిచి, వాటిలో ఏ పద్ధతి ఉందో చూసి, పర్యవేక్షకుల చేత ఒప్పించుకోండి. ఇదంతా మొదటి నెలలోనే జరగాలి.

ఆంగ్ల పద్ధతుల్లో మన దగ్గర ఎక్కువగా వినిపించేవి మూడు. ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారిది, శాసనసభ్యులతో సంబంధం లేదు) భాషా సాహిత్య శాఖల్లో కనిపిస్తుంది. దాని తొమ్మిదో కూర్పు 2021లో వచ్చింది. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారిది) సామాజిక శాస్త్రాల్లో, విద్యాశాస్త్రంలో వాడుక. దాని ఏడో కూర్పు 2019 నాటిది. పాదసూచికలు ఇష్టపడే చరిత్ర శాఖలు షికాగో పద్ధతిని వాడతాయి. దానికి 2024లో పద్దెనిమిదో కూర్పు వచ్చింది.

పైకి కనిపించే పెద్ద తేడా ఒకటే. ఏపీఏలో రచయిత పేరు వెంటనే సంవత్సరం వస్తుంది, ఎంఎల్ఏలో ప్రచురణకర్త తరువాత వస్తుంది. ఏది ఎంచుకున్నా పరవాలేదు. పది పుటలు ఒక పద్ధతిలోను, తరువాతి పది మరో పద్ధతిలోను ఉంటేనే పరీక్షకులు ఎర్రసిరా తీస్తారు.

ముందే రాసి పెట్టుకోవలసిన నిర్ణయాలు:

- సంవత్సరం ఎక్కడ రావాలి: పేరు వెంటనా, చివరనా?
- రచయితను ఇంటిపేరుతో మొదలుపెట్టాలా, అసలు పేరుతోనా?
- కలంపేరా, అసలు పేరా?
- సున్న ఉన్న అక్షరాలు క్రమంలో ఎక్కడ రావాలి?
- పుస్తకం పేరును ఎలా వేరుగా చూపాలి?

ఈ ఐదింటికీ జవాబులు ఒక కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోండి. మూడో ఏడాదికి వచ్చేసరికి మొదటి ఏడాదిలో ఏం అనుకున్నారో గుర్తుండదు.

## 2. పుస్తకం చేతిలో ఉన్నప్పుడే చీటీ రాయడం

గ్రంథసూచి అసలు పని ఇదే. తక్కినదంతా సర్దడమే. ప్రతి పుస్తకానికీ ఒక చీటీ, లేదా ఎక్సెల్ పట్టికలో ఒక వరుస ఉండాలి. పుస్తకం తెరిచిన రోజే, ఒక్క వాక్యం కూడా ఎత్తి రాసుకోకముందే, వివరాలు నింపాలి.

అట్ట మీద చూసి రాయవద్దు. అట్ట మీద పేరు కుదించి ఉండవచ్చు, ఉపశీర్షిక అసలు లేకపోవచ్చు. లోపలి శీర్షిక పుటను, దాని వెనుక ఉండే ముద్రణ వివరాల పుటను చూడాలి. ఫోను ఉంది కాబట్టి ఆ రెండు పుటల ఫొటో తీసి, చీటీ సంఖ్యనే ఫొటోకు పేరుగా పెట్టండి. వెనక్కి పరుగెత్తే పని సగానికి సగం తప్పుతుంది.

ముద్రణ వివరాల పుటలో తెలుగు విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఒక చోట ఉంది. అక్కడ తరచుగా మూడు పేర్లు కనిపిస్తాయి. "ప్రచురణ" లేదా "ప్రచురణకర్తలు" అని ఒకటి, "ముద్రణ" అని ప్రెస్సు పేరు ఒకటి, "ప్రతులకు" అని పుస్తకాల దుకాణాల పేర్లు కొన్ని. గ్రంథసూచికి కావలసింది మొదటిది మాత్రమే.

మన భాషలో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితలు చాలామంది. అలాంటి పుస్తకంలో "ప్రతులకు" కింద విశాలాంధ్ర, నవోదయ అని ఉంటే వాటినే ప్రచురణకర్తలుగా రాసేస్తుంటారు. అది తప్పు. అవి అమ్మిన చోట్లు. రచయితే వేసుకుంటే "స్వీయ ప్రచురణ" అని రాసి ఊరి పేరు ఇవ్వాలి. ఇల్లాలి పేరు మీదో, తల్లిదండ్రుల స్మారకంగా పెట్టిన ప్రచురణల పేరు మీదో వేస్తే ఆ పేరునే ఉన్నది ఉన్నట్టు రాయాలి.

చీటీలో ఉండవలసినవి:

- రచయిత పేరు, శీర్షిక పుట మీద ఉన్నట్టుగా
- పుస్తకం పూర్తి పేరు, ఉపశీర్షిక
- సంపాదకుడు, పరిష్కర్త (ప్రాచీన గ్రంథపు పాఠాన్ని నిర్ణయించినవారు), అనువాదకుడు ఉంటే వారి పేర్లు
- ఎన్నో సంపుటం, మొత్తం ఎన్ని సంపుటాలు
- ప్రచురణ స్థలం, ప్రచురణకర్త
- ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, తొలి ముద్రణ ఏ సంవత్సరం
- పుస్తకం ఎక్కడ దొరికింది, గ్రంథాలయంలో దాని సంఖ్య
- మీరు ఎత్తి రాసుకున్న పుటల సంఖ్యలు

చివరి రెండూ గ్రంథసూచిలో అచ్చు కావు. కానీ మౌఖిక పరీక్షకు వారం ముందు పర్యవేక్షకులు "ఈ వాక్యం ఎక్కడిది?" అన్నప్పుడు ఆదుకునేవి అవే.

## 3. పేర్లు: అసలు తలనొప్పి

ఆంగ్ల పద్ధతులు చెప్పేది సులభమే: ఇంటిపేరు ముందుకు తెచ్చి, కామా పెట్టి, తరువాత సొంత పేరు రాయమంటాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కాస్తా "బ్రౌన్, చార్లెస్ ఫిలిప్" అవుతాడు. ఆ కామాకు అర్థం ఉంది. క్రమం తలకిందులు చేశామని అది చెబుతుంది.

తెలుగు పేరులో ఇంటిపేరు పుట్టుకతోనే ముందుంది. "గురజాడ అప్పారావు" అని రాస్తే తలకిందులు చేసింది ఏమీ లేదు, కాబట్టి కామా కూడా అక్కరలేదు. ఇంటిపేరు ప్రకారం పేర్చేవారు పేరును ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. కొన్ని శాఖల్లో గ్రంథాలయ కార్డుల అలవాటు కొద్దీ "అప్పారావు, గురజాడ" అని సొంత పేరుతో పేర్చడం ఉంది. అక్కడ కామా తప్పనిసరి. రెండూ సరైనవే. "గురజాడ, అప్పారావు" మాత్రం ఏ లెక్కలోనూ చేరదు, అయినా అదే ఎక్కువగా కనిపిస్తుంది.

నా ఓటు ఇంటిపేరుకే. తెలుగు పాఠకులు గురజాడ, కందుకూరి, విశ్వనాథ అనే వెతుకుతారు, అప్పారావు అని వెతకరు.

ఆంగ్లంలో రాసిన తెలుగువారు. ఇక్కడ కంప్యూటర్లు, పాశ్చాత్య పద్ధతులు కలిసి గందరగోళం చేస్తాయి. అవి పేరులోని చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. వెల్చేరు నారాయణరావు ఆంగ్ల గ్రంథాలు కొన్ని జాబితాల్లో "రావు" కింద, మరికొన్నింటిలో "నారాయణరావు" కింద కనిపించడానికి కారణం ఇదే. రావు, రెడ్డి, శాస్త్రి, చౌదరి వంటివి ఇంటిపేర్లు కావు. ఆంగ్ల విభాగంలో "నారాయణరావు, వెల్చేరు" అని రాస్తే ఏ పాఠకుడైనా పట్టుకోగలడు.

పుస్తకాల వివరాలు దాచి సూచి తయారుచేసే జొటెరో వంటి సాఫ్ట్‌వేర్ వాడుతుంటే రచయిత పేరు పక్కన రెండు గడులను ఒకే గడిగా మార్చే చిన్న గుర్తు ఉంటుంది. తెలుగు పేర్లకు దాన్ని నొక్కి, పేరంతా ఒకే గడిలో రాయండి. అప్పుడది పేరును తిరగేయదు.

కలంపేర్లు. శ్రీశ్రీని "శ్రీరంగం శ్రీనివాసరావు" కింద పెడితే ఎవరూ వెతకరు. పుస్తకం మీద ఉన్న కలంపేరునే తలపదంగా (సూచిలో ముందు వచ్చే పేరుగా) పెట్టి, కావాలంటే పక్కన చదరపు కుండలీకరణంలో అసలు పేరు ఇవ్వండి: "శ్రీశ్రీ [శ్రీరంగం శ్రీనివాసరావు]". ఓల్గా, ఆరుద్ర, చలం అందరికీ ఇదే సూత్రం. ఒకే రచయిత కొన్ని పుస్తకాలు కలంపేరుతో, కొన్ని అసలు పేరుతో వేస్తే అన్నింటినీ ఒకే తలపదం కింద చేర్చి, రెండో పేరు దగ్గర "చూ." (చూడండి) అని మొదటి దానికి దారి చూపండి.

జంటకవులు. తిరుపతి వేంకట కవులను ఇద్దరుగా విడదీసి దివాకర్ల ఒకచోట, చెళ్లపిళ్ల మరోచోట పెట్టవద్దు. జంటపేరే రచయిత పేరు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి విడిగా రాసిన పుస్తకం ఉంటే అది మాత్రం ఆయన ఇంటిపేరు కింద వస్తుంది.

ప్రాచీన కవులు. నన్నయ, తిక్కన, పోతన అని ప్రసిద్ధ నామమే తలపదం. బమ్మెర, కొట్టరువు వెతికి ముందు తగిలించే శ్రమ అనవసరం. పరిష్కర్త పేరు, ముద్రణ వివరాలు మాత్రం తప్పక ఉండాలి. మీరు ఉదాహరించింది నిజానికి ఆ పరిష్కర్త నిర్ణయించిన పాఠాన్నే.

బిరుదులు, గౌరవ వాచకాలు. డా., ఆచార్య, శ్రీ, శ్రీమతి, కీ.శే., కవిసమ్రాట్, మహాకవి... అన్నీ తీసేయాలి. మీ పర్యవేక్షకుల పుస్తకం విషయంలో చెయ్యి రాకపోవచ్చు, అయినా తీసేయాలి. గౌరవం చూపడానికి కృతజ్ఞతల పుట ఉంది. "డా." ఉంచితే అకారాది క్రమంలో సగం మంది రచయితలు "డ" దగ్గర గుమిగూడతారు.

పొడి అక్షరాలు. "సి. నారాయణరెడ్డి" వంటి పేర్లలో ఇంటిపేరు తెలిస్తే విప్పి రాయవచ్చు: "సింగిరెడ్డి నారాయణరెడ్డి". తెలియకపోతే ఊహించవద్దు. ఉన్నదే రాసి, సొంత పేరు కింద పేర్చండి: "నారాయణరెడ్డి, సి."

## 4. పుస్తకానికి ఆరోపం రాసే వరుస

సూచిలో ఒక్కో పుస్తకానికి రాసే నమోదునే ఆరోపం అంటారు. ఇంటిపేరు పద్ధతిలో, సంవత్సరం చివర వచ్చేలా ఒక నమూనా:

ఇంటిపేరు సొంత పేరు. పుస్తకం పేరు: ఉపశీర్షిక. సంపాదకుని పేరు (సంపా.). సంపుటం సంఖ్య. ముద్రణ సంఖ్య. స్థలం: ప్రచురణకర్త, సంవత్సరం.

సంవత్సరం ముందుకు రావలసిన పద్ధతిలో:

ఇంటిపేరు సొంత పేరు. (సంవత్సరం). పుస్తకం పేరు: ఉపశీర్షిక. స్థలం: ప్రచురణకర్త.

ఏపీఏ, ఎంఎల్ఏల నేటి కూర్పులు పుస్తకాలకు ప్రచురణ స్థలం అడగవు. తెలుగు పుస్తకాలకు మాత్రం ఊరి పేరు ఉంచమనే చెబుతాను. స్వీయ ప్రచురణలు, చిన్న ప్రచురణ సంస్థలు ఇన్ని ఉన్న భాషలో ఊరు లేకపోతే పుస్తకం దొరకదు.

ఇప్పుడు "సం." సంగతి. సంపాదకుడు సం., సంపుటం సం., సంచిక సం., సంవత్సరం సం., సంకలనం కూడా సం. ఒకే ఆరోపంలో "సం. 4, సం. 2, సం. 1931" అని రాసినవారు ఉన్నారు. చదివేవాడు జ్యోతిష్కుడు కావాలి. ఇలా విడదీసుకోండి:

- సంపా. – సంపాదకుడు, సంపాదకులు
- సంపు. – సంపుటం
- సంచిక, సంవత్సరం – కుదించకుండా పూర్తిగా
- పరి. – పరిష్కర్త
- అను. – అనువాదకుడు
- పు. – పుట, పుటలు

ఈ సంక్షిప్తాల పట్టికను గ్రంథసూచికి ముందు ఒక పుటలో ఇవ్వండి.

ఇద్దరు రచయితలుంటే ఇద్దరి పేర్లూ రాయండి. చాలామంది ఉంటే మొదటి పేరు రాసి "తదితరులు" అనవచ్చు. ఎంతమంది దాటితే అలా అనాలో మీరు ఎంచుకున్న పద్ధతి చెబుతుంది. సంపాదకుడు మాత్రమే ఉన్న వ్యాస సంకలనంలో ఒక వ్యాసాన్ని వాడుకుంటే, ఆరోపం వ్యాసకర్త పేరుతో మొదలవ్వాలి. సంపాదకుని పేరుతో మొదలుపెడితే రాసినవారికి అన్యాయం చేసినట్టు.

## 5. ఏ ముద్రణ, ఏ సంవత్సరం?

"కన్యాశుల్కం, గురజాడ" అని రాసి వదిలేస్తే అది సూచన కాదు. 1897 నాటి తొలి కూర్పు వేరు, గురజాడ తిరగరాసి 1909లో వెలువరించిన రెండో కూర్పు వేరు. తొలికూర్పు నుంచి తీసుకున్న సంభాషణను నేడు బజారులో దొరికే ప్రతిలో వెతికితే కనపడకపోవచ్చు. అందుకే చేతిలో ఉన్న ప్రతి ముద్రణ సంవత్సరం రాసి, చివర తొలి ప్రచురణను కూడా చూపాలి:

గురజాడ అప్పారావు. కన్యాశుల్కం. స్థలం: మీరు చూసిన ప్రతి ప్రచురణకర్త, ఆ ముద్రణ సంవత్సరం. (తొలి కూర్పు 1897, రెండో కూర్పు 1909.)

పుట సంఖ్యలు ఎప్పుడూ చేతిలో ఉన్న ముద్రణవే. పాత ముద్రణ గొప్పగా కనిపిస్తుందని దాని సంవత్సరం వేసి, కొత్త ముద్రణ పుట సంఖ్యలు ఇవ్వడం ఒక చెడ్డ అలవాటు. పరీక్షకుల దగ్గర ఆ పాత ప్రతి ఉంటే దొరికిపోతారు.

పాత పుస్తకాల్లో క్రీస్తుశకం ఉండకపోవచ్చు. శాలివాహన శకం ఉంటే 78 కలపండి. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్ల చక్రంలో లెక్క చూడాలి. ప్రభవ 1867, 1927, 1987 ఉగాదులతో మొదలైంది. ప్రమోదూత అందులో నాలుగోది, అంటే పాత పుస్తకానికి 1870-71 లేదా 1930-31. రెండింటిలో ఏదో పీఠిక, ముద్రణాలయం, ధర, కాగితం చూసి తేల్చాలి. తెలుగు సంవత్సరం రెండు ఆంగ్ల సంవత్సరాల మీదుగా సాగుతుంది కాబట్టి రెండు అంకెలూ రాయండి.

ఇలా లెక్క కట్టిన సంవత్సరాన్ని చదరపు కుండలీకరణంలో పెడితే అది పుస్తకంలో అచ్చయింది కాదని తెలుస్తుంది: ప్రమోదూత [1930-31]. ఏ ఆధారమూ లేకపోతే "ముద్రణ సంవత్సరం లేదు" అని నిజాయితీగా రాయండి.

ఊరి పేర్లను నవీకరించవద్దు. చెన్నపురి అని ఉంటే చెన్నపురి, మద్రాసు అని ఉంటే మద్రాసు, బెజవాడ అని ఉంటే బెజవాడ. సంస్థల పేర్లకూ అంతే: పుస్తకం వెలువడిన నాటి పేరే రాయాలి, తరువాత మారిన పేరు కాదు.

## 6. పత్రికల్లోని వ్యాసాలు

వ్యాసకర్త. 'వ్యాసం పేరు'. పత్రిక పేరు, సంపు. సంఖ్య, సంచిక సంఖ్య, నెల సంవత్సరం, పు. మొదటి పుట–చివరి పుట.

భారతి వంటి పాత మాసపత్రికలను చూసేటప్పుడు బైండు మీద ఉన్న సంఖ్యను నమ్మవద్దు. గ్రంథాలయం వారు ఆరేసి సంచికలు కలిపి కుట్టించి, తమ లెక్క ప్రకారం అంకె వేసుకుంటారు. లోపలి సంచిక మొదటి పుటలో ఉన్నదే రాయాలి.

దినపత్రికకు సంపుటి, సంచిక అక్కరలేదు. తేదీ, పుట, ఏ ప్రాంతపు కూర్పో చాలు. జిల్లా అనుబంధంలో వచ్చిన వార్త అయితే ఆ జిల్లా పేరు తప్పక రాయండి. పక్క జిల్లా పత్రికలో ఆ వార్తే ఉండదు.

అముద్రిత సిద్ధాంత గ్రంథాలకు విశ్వవిద్యాలయం పేరు, పట్టా పేరు, సంవత్సరం రాసి "అముద్రితం" అనాలి. శోధ్‌గంగలో (భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉంచే సైటు) చూసి ఉంటే ఆ మాట కూడా చేర్చండి.

## 7. అంతర్జాల ఆధారాలు, స్కాన్ ప్రతులు

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి. పరిశోధకులకు అవి పెన్నిధి. కానీ అక్కడ పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం టైపు చేసినవారు చాలా చోట్ల తప్పులు చేశారు. ఆ వివరాలను నకలు చేయకుండా, స్కాన్‌లోని శీర్షిక పుట తెరిచి చూసి రాయండి. శీర్షిక పుట చిరిగిపోయి ఉంటే మరో ప్రతి వెతకాలి.

పీడీఎఫ్ చూపించే పుట సంఖ్య వేరు, కాగితం మీద అచ్చైన సంఖ్య వేరు. ముందున్న అట్ట, పీఠిక, విషయసూచిక కలిసి తేడా తెస్తాయి. అచ్చైనదే రాయాలి.

వెబ్ పేజీ అయితే రచయిత, శీర్షిక, సైటు పేరు, ప్రచురించిన తేదీ, లింకు, మీరు చూసిన తేదీ ఉండాలి. వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని భద్రపరచి ఆ లింకు కూడా దాచుకోండి. పత్రికల సైట్లు రూపం మార్చినప్పుడల్లా పాత లింకులు చచ్చిపోతాయి. డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్న వ్యాసానికి అదే ఇవ్వండి, చూసిన తేదీ అక్కరలేదు.

తెలుగు అక్షరాలున్న లింకును బ్రౌజరు నుంచి నకలు చేస్తే ఒక్కొక్క అక్షరం శాతం గుర్తులతో తొమ్మిదేసి గుర్తులుగా విచ్చుకుంటుంది. నాలుగు మాటల శీర్షిక రెండు మూడు వరుసల చెత్తగా మారి పుటను పాడుచేస్తుంది. సైటు తానే పొట్టి లింకు ఇస్తే అది వాడండి. లేకపోతే ఆ శాతం గుర్తుల భాగాన్ని తెలుగులోకి మార్చి రాసి, బ్రౌజరులో పెట్టి పని చేస్తుందో లేదో చూడండి.

వికీపీడియాను ఆధారంగా చూపవద్దు. ఆ వ్యాసం అడుగున ఉన్న మూలాన్ని పట్టుకుని, తెరిచి, చదివి, దాన్ని చూపండి. కృత్రిమ మేధ సాధనాలు ఇచ్చే పుస్తకాల జాబితాల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. నిజమైన రచయితకు లేని పుస్తకాన్ని అంటగట్టి, సంవత్సరంతో సహా చెప్పడం వాటికి అలవాటు. మీ కళ్లతో చూడని పుస్తకం సూచిలో ఉండకూడదు.

చూడలేకపోయిన మూలాన్ని మరొకరు ఉటంకించగా వాడుకుంటే, మీరు చదివిన పుస్తకాన్నే సూచిలో చేర్చండి. వ్యాసం లోపల "ఫలానావారి ఉటంకింపు" అని చెప్పండి.

## 8. పద్యకావ్యాలు, శాసనాలు, తాళపత్రాలు, ముఖాముఖీలు

పద్యకావ్యాన్ని వ్యాసం లోపల పుట సంఖ్యతో కాక పర్వం లేదా కాండం, ఆశ్వాసం, పద్య సంఖ్యతో చూపడం మన సంప్రదాయం. ఏ ప్రతి ఉన్నవారైనా పద్యాన్ని పట్టుకోగలరు. సూచిలో మాత్రం మీరు వాడిన ముద్రణ పూర్తి వివరాలు ఉండాలి. పద్య సంఖ్యలు కూడా పరిష్కర్తను బట్టి కాస్త అటూఇటూ అవుతాయి.

శాసనానికి సంపుటం సంఖ్యతో పాటు శాసన సంఖ్య కావాలి. సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ పదో సంపుటంలో తెలుగు శాసనాలు వరుస సంఖ్యలతోనే ఉన్నాయి, ఆ సంఖ్య ఇస్తే పుట అక్కరలేదు. తాళపత్ర ప్రతికి భాండాగారం పేరు, ఊరు, ప్రతి సంఖ్య రాయాలి.

జానపద పరిశోధనలో ముఖాముఖీలు ముఖ్యం. పాడినవారి లేదా చెప్పినవారి పేరు, వయస్సు, ఊరు, మండలం, తేదీ, రికార్డు చేసిన విధం రాయండి. పేరు అచ్చు వేయడానికి వారి అనుమతి తీసుకోండి. వద్దంటే "పాడినవారు 3" వంటి గుర్తు ఇచ్చి, అసలు వివరాలు మీ దగ్గర ఉంచుకోండి.

## 9. విభాగాలు, అకారాది క్రమం

చిన్న వ్యాసానికి విభాగాలు వద్దు, అంతా ఒకే వరుస. సిద్ధాంత గ్రంథానికి సాధారణంగా ఇలా ఉంటుంది: ఆకర గ్రంథాలు (పరిశోధనకు మూలమైన పుస్తకాలు), విమర్శ గ్రంథాలు, నిఘంటువులు, పత్రికా వ్యాసాలు, అముద్రిత సిద్ధాంత గ్రంథాలు, ఆంగ్ల గ్రంథాలు, అంతర్జాల ఆధారాలు, ముఖాముఖీలు. రెండే పుస్తకాలున్న విభాగాన్ని పక్కదానిలో కలపండి. ఆంగ్ల గ్రంథాలను ఆంగ్ల లిపిలోనే, ఆ వర్ణక్రమంలోనే పేర్చండి.

తెలుగు క్రమం దగ్గర అసలు చిక్కు సున్న. గుణింతం నేర్చిన చేయి క, కా, కి... కౌ, కం అనే వరుసలో "కం"ను చివరకు తోస్తుంది. కంప్యూటర్ సాధారణంగా దాన్ని ముందుకు తెస్తుంది. ఈ నలుగురినీ చూడండి:

- కంప్యూటర్ వరుస: కందుకూరి, కట్టమంచి, కాళోజీ, కొడవటిగంటి
- గుణింతం వరుస: కట్టమంచి, కాళోజీ, కొడవటిగంటి, కందుకూరి

ఏదైనా సరే, సూచి అంతటా ఒకటే ఉండాలి. కంప్యూటర్ వరుసను ఎంచుకుంటే పని తగ్గుతుంది. అలాగే యూనికోడ్‌లో "ళ" అక్షరం "ల" పక్కనే, "వ" కన్నా ముందు ఉంది. మన వర్ణమాలలో అది "హ" తరువాత వస్తుంది. ఒకటి రెండు ఆరోపాల మీదే దీని ప్రభావం, వాటిని చేత్తో సర్దుకోవచ్చు. వత్తులున్నవి ఆ అక్షరపు గుణింతం అయిపోయాక రావాలి: "శేషేంద్ర" ముందు, "శ్రీశ్రీ" తరువాత.

ఇదంతా యూనికోడ్‌లో టైపు చేసినప్పుడే. డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కొట్టించిన సూచిని కంప్యూటర్ వరుసలో పెట్టలేదు. అక్కడ తెర మీద కనిపించే తెలుగు అక్షరాల వెనుక ఉన్నవి ఆంగ్ల సంకేతాలు. కాబట్టి ముందు యూనికోడ్‌లో పేర్చి, అచ్చు తీసి, ఆ వరుసలోనే కొట్టమని ఇవ్వండి.

ఒకే రచయిత పుస్తకాలను సంవత్సరం ప్రకారమో, పేరు ప్రకారమో పెట్టండి. రెండో పుస్తకం నుంచి పేరుకు బదులు పొడవాటి గీత వాడేవారు పేర్చడం పూర్తిగా ముగిశాకే గీతలు పెట్టాలి. ముందే పెడితే గీతలన్నీ ఒకచోట చేరి ఏ పుస్తకం ఎవరిదో తెలియకుండా పోతుంది.

## 10. పుట మీద రూపం

ఆరోపం మొదటి వరుస అంచు నుంచి మొదలై, మిగతా వరుసలు అర అంగుళం లోపలికి జరగాలి. వర్డ్‌లో ఆరోపాలన్నీ ఎంచుకుని కంట్రోల్ మీటతో టి నొక్కితే చాలు. లిబ్రెఆఫీస్‌లో పేరాగ్రాఫ్ అమరికల్లో ఎడమ జరుపు 1.27 సెం.మీ., మొదటి వరుస మైనస్ 1.27 సెం.మీ. ఇవ్వండి. స్పేస్ బార్ కొట్టుకుంటూ జరపవద్దు. ఫాంటు సైజు మారిన రోజున అంతా చెదిరిపోతుంది.

ఆంగ్లంలో పుస్తకం పేరును వాలు అక్షరాల్లో వేస్తారు. తెలుగు ఫాంట్లలో చాలా వాటికి నిజమైన వాలు రూపం లేదు. కంప్యూటర్ అక్షరాలను బలవంతంగా పక్కకు తోసినప్పుడు వత్తులు, గుడులు పక్క అక్షరాలకు తగులుకుంటాయి. పుస్తకాలకు, పత్రికలకు బొద్దు అక్షరాలు, వ్యాసాలకు ఒంటి కొటేషన్ గుర్తులు వాడితే కంటికి హాయిగా ఉంటుంది.

## 11. తరచుగా దొర్లే తప్పులు, సవరణలు

ఒకే రచయిత రెండు చోట్ల కనిపించడం. "విశ్వనాథ" ఒకచోట, "విశ్వనాధ" మరోచోట. "వేంకట" ఒకచోట, "వెంకట" మరోచోట. తలపదానికి ఒకే రూపం నిర్ణయించి అన్నింటినీ మార్చండి.

రూపం ఒకటే, అయినా వెతికితే దొరకకపోవడం. రెండు అక్షరాలు అంటుకోకుండా ఆపే కనపడని గుర్తు ఒకటి మధ్యలో ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకటి పెట్టదు. అనుమానం వస్తే ఆ మాటను తుడిచి మళ్లీ టైపు చేయండి.

వ్యాసంలో ఉంది, సూచిలో లేదు. పాదసూచికలన్నీ ఒక్కొక్కటే చదువుతూ సూచిలో టిక్కు పెట్టండి. దీనికి అడ్డదారి లేదు.

సూచిలో ఉంది, వ్యాసంలో లేదు. ఉదాహరించిన గ్రంథాల జాబితా అయితే తీసేయాలి. "ఉపయుక్త గ్రంథసూచి" అన్నప్పుడు, చదివి ప్రయోజనం పొందిన పుస్తకాలు ఉండవచ్చు. బరువు కోసం చేర్చినవి ఉండకూడదు. మౌఖిక పరీక్షలో సరిగ్గా వాటిలోంచే ప్రశ్న వస్తుంది.

సూచిలో "పైదే" అని రాయడం. అది పాదసూచికల మాట. ఆరోపాల వరుస మారితే "పైదే" ఎవరినో చూపిస్తుంది.

సూచి వల్ల గ్రంథచౌర్య శాతం పెరుగుతుందని కుదించడం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పోలిక పరీక్షలో గ్రంథసూచిని లెక్క నుంచి మినహాయించాలి. శాతం ఎక్కువ వస్తే సాఫ్ట్‌వేర్‌లో ఆ మినహాయింపు పెట్టారో లేదో అడగండి, పుస్తకాలు తీసేయవద్దు.

## 12. అచ్చుకు ఇచ్చే ముందు

కాగితం మీద అచ్చు తీసి, పెన్సిలు పట్టుకుని, ఒక్కో విషయానికి ఒక్కోసారి సూచి మొత్తం చదవండి. అన్నీ ఒకేసారి చూడబోతే ఏదీ కనపడదు.

- మొదటిసారి: పేర్లు మాత్రమే. కామాలు, బిరుదులు, కలంపేర్లు.
- రెండోసారి: సంవత్సరాలు. ప్రతిదానికీ ఉందా? ఫొటోతో సరిపోయిందా?
- మూడోసారి: ప్రచురణకర్తలు. దుకాణం పేరో, ప్రెస్సు పేరో దూరిందా?
- నాలుగోసారి: విరామ చిహ్నాలు. ఒకచోట చుక్క, మరోచోట కామా ఉన్నాయా?
- ఐదోసారి: అక్షరక్రమం, ముఖ్యంగా సున్నలు, వత్తులు.
- ఆరోసారి: లింకులన్నీ నొక్కి చూడటం.

ఆ తరువాత మీ విషయంతో సంబంధం లేని స్నేహితుడికి సూచి ఇచ్చి, ఏవైనా ఐదు ఆరోపాలు ఎంచుకుని ఆ పుస్తకాలను గ్రంథాలయంలోనో, అంతర్జాలంలోనో పట్టుకోమని అడగండి. అతనికి దొరకని ఆరోపాలను చీటీలు, ఫొటోలు ముందు పెట్టుకుని మళ్లీ రాయండి.